సిమ్ నాయిన పేరు మీద ఉంది, ఆయన లేడు. అమ్మ వాడే నంబర్ పోర్ట్ చేయడం ఎలా?

బత్తాయి_తోట · నవంబర్ 2, రాత్రి 9:12

అన్నలకు, అక్కలకు నమస్తే. ఇక్కడ చదవడమే గానీ నేను రాసింది తక్కువ. ఇప్పుడు అవసరం పడింది.

మాది చండూరు దగ్గర ఊరు. అమ్మ ఒక్కతే ఉంటుంది, నేను ఉప్పల్‌లో ఉద్యోగం. అమ్మ దగ్గర ఉన్నది చిన్న కీప్యాడ్ ఫోన్. ఇంట్లో సిగ్నల్ రాదు. వంటింటి కిటికీ ఊచకు ఒక ప్లాస్టిక్ కవర్ కట్టి ఫోన్ అందులో పెట్టింది. ఆ మూల ఒక్క గీత వస్తుంది. రింగ్ అయితే ఫోన్ బయటికి తీయదు, కవర్ మీద నుంచే స్పీకర్ నొక్కి, కిటికీకి ముఖం పెట్టి గట్టిగా మాట్లాడుతుంది. మా ఇంటి సంగతులన్నీ వాడకట్టు మొత్తానికి తెలుసు. గట్టి వాన పడితే ఆ గీత కూడా పోతుంది. పోయిన నెల నాలుగు రోజులు ఫోన్ కలవక, పక్కింటి వాళ్లకు చేసి అమ్మ అన్నం తింటుందా అని అడగాల్సి వచ్చింది.

ఊళ్లో ఇంకో కంపెనీ టవర్ కొత్తగా పడింది. దానికి మారదామంటే కొత్త నంబర్‌కు అమ్మ ఒప్పుకోదు. గ్యాస్‌కు, బ్యాంకుకు, రేషన్ కార్డుకు, పట్టా పాసుపుస్తకానికి అన్నిటికీ అదే నంబర్. పైగా అది నాయిన 2009లో తీసుకున్నది. ఆయన పోయి రెండేళ్లు. చుట్టాల ఫోన్లలో ఇప్పటికీ ఆయన పేరుతోనే సేవ్ అయి ఉంది. "మీ నాయిన నంబర్ తీసేస్తే ఎట్లరా" అంటుంది.

సిమ్ కూడా నాయిన పేరు మీదే ఉంది. చండూరులో ఒక దుకాణంలో అడిగితే "ముందు 28 రోజుల రీచార్జ్ వేయించు, బ్యాలెన్స్ లేకుంటే పోర్ట్ మెసేజ్ పోదు" అన్నాడు. ఇంకో దుకాణంలో "నీ ఆధార్ ఇవ్వు, పేరుతో పనేంది, నీ పేరు మీద పోర్ట్ కొట్టేస్తా" అన్నాడు. ఏది నిజం? తెలిసినవాళ్లు చెప్పండి.

జడ్చర్ల_జంక్షన్ · 9:20

ఇద్దరూ నిజమే చెప్పారు తమ్ముడూ, వాళ్ల వాళ్ల కమీషన్ ప్రకారం.

గడియారం_సెంటర్ · 9:41

నల్గొండలో నాదీ సిమ్‌ల దుకాణమే, పన్నెండేళ్ల నుంచి. కాబట్టి జడ్చర్ల అన్న మాట నాకూ కొంచెం తగిలింది, పర్లేదు.

మొదటి దుకాణం వాడు చెప్పింది తప్పు. రీచార్జ్ అయిపోయినా, ఏ ప్లాన్‌లో ఉన్నా 1900కు పోర్ట్ మెసేజ్ పోవాల్సిందే. 2021 డిసెంబర్‌లో ట్రాయ్, అంటే ఫోన్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ, అన్ని కంపెనీలకూ ఈ ఆదేశం ఇచ్చింది. అంతకు ముందు తక్కువ రేటు ప్లాన్లలో ఎస్ఎంఎస్ లేకుండా చేసి, మనిషి బయటికి పోకుండా కట్టేసేవాళ్లు. ఇప్పటికీ కొందరు ఆ పాత పాటే పాడతారు. రీచార్జ్ చేయిస్తే దుకాణానికి నాలుగు రూపాయలు, అంతే సంగతి.

రెండోవాడు చెప్పింది మాత్రం అస్సలు చేయకు. పోర్ట్ అంటే కంపెనీ మారడం, మనిషి మారడం కాదు. సిమ్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే వచ్చి ఫొటో దిగి, ఆధార్ చూపించి మారాలి. పోయిన మనిషి పేరు మీదున్న నంబర్‌ను వేరే మనిషి ఆధార్‌తో లాగేస్తే ఇవాళ పని అయినట్టే కనిపిస్తుంది. రేపు సిమ్ పోయి డూప్లికేట్ కావాలన్నా, ఏదైనా ఫిర్యాదు వచ్చినా, అసలు ఓనర్ ఎవరని అడిగితే నీ దగ్గర ఏ కాగితం ఉండదు.

ముందు పేరు మార్పు, తర్వాత పోర్ట్. పేరు మార్పు పాత కంపెనీ దగ్గరే, వాళ్ల సొంత స్టోర్‌లో చేయించాలి. మా లాంటి చిన్న దుకాణాల్లో కాదు. ఆ అర్జీ నడుస్తున్నన్ని రోజులు, 1900కు మెసేజ్ పెడితే రావాల్సిన పోర్ట్ కోడ్ రాదు, అది కూడా గుర్తుపెట్టుకో.

బత్తాయి_తోట · 9:55

అన్నా థాంక్స్. పేరు మార్పుకు ఏం కాగితాలు అడుగుతారు?

గడియారం_సెంటర్ · 10:03

నాయిన డెత్ సర్టిఫికెట్, అమ్మ ఆధార్, ఆమె వారసురాలని చూపే కాగితం. మన దగ్గరైతే మీసేవలో అప్లై చేస్తే తహసీల్దార్ ఆఫీసు నుంచి వచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. మిగతా వారసులు అంటే నువ్వు, మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు "మాకు అభ్యంతరం లేదు" అని రాసి సంతకం పెట్టాలి. ఒక్కో స్టోర్‌లో ఒక్కో తీరుగా అడుగుతారు, అందుకే ముందు ఫోన్ చేసి కనుక్కొని పో. అమ్మను మాత్రం తీసుకెళ్లాల్సిందే, ఫొటో అక్కడే దింపుతారు.

టీచరమ్మ_దేవరకొండ · 10:10

తమ్ముడూ, నాన్నగారి బ్యాంకు పని, భూమి పని అప్పుడు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసే ఉంటారు కదా. ఇంట్లో బీరువాలో చూడండి. మా మామగారిది మేము రెండోసారి అప్లై చేసి, వచ్చాక మొదటిది దొరికింది.

పాత_ఎక్స్ఛేంజ్ · నవంబర్ 3, ఉదయం 6:15

నేను పాలమూరులో టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైర్ అయ్యాను. 08542 అంటే మా ఊరు, 08682 అంటే నల్గొండ అని కోడ్ వింటేనే చెప్పే రోజుల మనిషిని. పొద్దున్నే నిద్ర పట్టదు, అందుకని కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

నంబర్ మార్చకుండా కంపెనీ మారే సదుపాయం మన దేశంలో మొదట హర్యానాలో 2010 నవంబర్ 25న వచ్చింది. దేశమంతా 2011 జనవరి 20 నుంచి. అప్పట్లో 19 రూపాయలు ఫీజు, ఏడు పని దినాలు గడువు. కోడ్ తీసుకున్నాక, దరఖాస్తు ఇచ్చాక కూడా పాత కంపెనీ ఏదో ఒక సాకు చెప్పి తిప్పి కొట్టేది. ఆ పద్ధతి 2019 డిసెంబర్ 16తో మారిపోయింది. ఇప్పుడు అర్హత ముందే చూస్తారు. అంటే 1900కు మెసేజ్ పెట్టగానే, బిల్లు బాకీ ఉందా, నంబర్ తీసుకుని 90 రోజులు దాటిందా, పేరు మార్పు నడుస్తోందా, కోర్టు గొడవ ఉందా అని లోపల తనిఖీ జరుగుతుంది. అన్నీ సరిగ్గా ఉంటేనే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. కోడ్ వచ్చిందంటే సగం పని అయినట్టే. ఆ కోడ్‌కు నాలుగు రోజులే ఆయువు. కొత్త కంపెనీలో ఇచ్చాక ఒకే సర్కిల్‌లో, అంటే టెలికాం లెక్కలో ఒకే ప్రాంతంలో అయితే మూడు పని దినాలు.

ఇంకో సంగతి. పూర్వం నంబర్ మొదటి అంకెలు చూసి ఇది ఫలానా కంపెనీ అని చెప్పేవాళ్లం. ఇప్పుడు చెప్పలేం. మీరు ఎవరికైనా ఫోన్ చేస్తే, ముందు ఆ నంబర్ ఈరోజు ఏ కంపెనీ దగ్గర ఉందో డేటాబేస్‌లో చూసి, అప్పుడు కాల్‌ను అటు పంపుతారు. పోర్ట్ అయిన రాత్రి ఆ పట్టికలో మీ నంబర్ పక్కన కంపెనీ మారుతుంది. మీ బ్యాంకుకు, గ్యాస్‌కు తెలియాల్సిన అవసరమే లేదు. అందుకని అమ్మగారి గ్యాస్, బ్యాంకు గురించి దిగులు వద్దు.

ఇవన్నీ సరే గానీ, ఒక ప్రశ్న. అమ్మగారి కీప్యాడ్ ఫోన్ 2జీదా, 4జీదా?

బత్తాయి_తోట · ఉదయం 7:30

పాతది సార్, నాయిన ఉన్నప్పుడు కొన్నదే. 2జీనే అనుకుంటా. దానికీ దీనికీ సంబంధం ఏంటి?

పాత_ఎక్స్ఛేంజ్ · ఉదయం 7:44

సంబంధం ఉంది బాబూ. జియోకు 2జీ నెట్‌వర్క్ లేదు, మొదటి నుంచీ 4జీతోనే మొదలైంది. మీరు మారబోయేది ఆ కంపెనీకైతే పాత ఫోన్‌లో సిమ్ వేసినా సిగ్నల్ రాదు. 4జీ కీప్యాడ్ ఫోన్ కొనాలి. వేరే కంపెనీ అయినా మీ ఊరి కొత్త టవర్‌లో 2జీ ఇస్తున్నారో లేదో చూసుకోవాలి. పోర్ట్ అంతా సవ్యంగా అయి, చివరికి ఫోన్ దగ్గర ఆగిపోయిన వాళ్లను చాలామందిని చూశాను.

మన్ననూర్_గేటు · ఉదయం 8:05

నేను చెప్పేది ఇంకా ముందు సంగతి. అసలు ఆ కొత్త కంపెనీ సిగ్నల్ మీ ఇంట్లోపల వస్తుందా? టవర్ ఊళ్లో ఉంటే సరిపోదు. ఎవరి దగ్గర ఆ సిమ్ ఉందో వాళ్ల ఫోన్ ఒక పూట అడిగి తెచ్చి, మీ వంటింట్లో, పడుకునే గదిలో పెట్టి చూడు. పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి.

నాకెందుకు తెలుసంటే, అచ్చంపేట నుంచి శ్రీశైలం వైపు కారు నడుపుతా. అందరూ బాగుంది బాగుంది అంటే పోర్ట్ చేసుకున్నా. అచ్చంపేటలో బ్రహ్మాండం. మన్ననూర్ దాటి అడవిలోకి దిగితే నా ఫోన్ ఒట్టి టార్చిలైట్. అంతకుముందు పాత సిమ్‌కు అక్కడక్కడా అయినా దొరికేది. వెనక్కి పోదామంటే 90 రోజులు ఆగాలి, పోర్ట్ అయిన రోజు నుంచి లెక్క. ఒకరోజు టైరు పంక్చరై, రాత్రి 9కి చెక్‌పోస్టు గేటు వేసేస్తారని టెన్షన్, ఓనర్‌కు చెప్పుదామంటే ఫోన్ లేదు. ఆ మూడు నెలలు రెండు సిమ్‌లకూ డబ్బులు పోసిన.

కృష్ణమ్మ_ఒడ్డు · ఉదయం 9:22

మంచి టైమ్‌లో వచ్చింది ఈ చర్చ. మాది మక్తల్. మా తమ్ముడు పుణెలో సెంట్రింగ్ పనికి పోయి ఆరేళ్లు ఉండి, ఇప్పుడు ఊరికే వచ్చేసిండు. నంబర్ మహారాష్ట్రది. సిమ్ పాడైతే డూప్లికేట్ కోసం ఇక్కడి స్టోర్‌కు పోతే "మీ సర్కిల్‌లో తీసుకోండి" అన్నారు. మళ్లీ పుణె పోవాలా? ఆ నంబర్‌ను ఇక్కడికి మార్చొచ్చా? మేస్త్రీలందరి దగ్గరా ఆ నంబరే ఉంది, పని కోసం దానికే చేస్తరు.

పాత_ఎక్స్ఛేంజ్ · ఉదయం 9:50

మార్చవచ్చు. 2015 జూలై 3 నుంచి ఏ రాష్ట్రం నంబర్‌నైనా ఏ రాష్ట్రానికైనా తీసుకెళ్లవచ్చు. పద్ధతి అదే, 1900కు మెసేజ్. గడువు మాత్రం మూడు కాదు, అయిదు పని దినాలు. కానీ ముందు పనిచేసే సిమ్ చేతిలో ఉండాలి కదా, మెసేజ్ ఆ నంబర్ నుంచే పోవాలి. కాబట్టి డూప్లికేట్ సంగతి తేల్చుకోక తప్పదు. పుణెలో తోటి పనివాళ్లు ఉంటే లాభం లేదు, ఓనరే వెళ్లాలి. ఇలాంటి మార్పు సిమ్ బాగున్నప్పుడే చేసుకోవాలి.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం ఉంటుంది. కర్నూలు సిమ్‌ను గద్వాలకు మార్చాలంటే వేరే రాష్ట్రం కదా అని. కాదు. రాష్ట్రం 2014లో రెండయినా టెలికాం లెక్కలో తెలంగాణ, ఆంధ్ర కలిపి ఇప్పటికీ ఒకే సర్కిల్, పేరు ఆంధ్రప్రదేశ్ సర్కిలే. అదే మీకు నది దాటితే వచ్చే రాయచూరు కర్ణాటక సర్కిల్.

జడ్చర్ల_జంక్షన్ · ఉదయం 10:02

అంటే రాష్ట్రం విడిపోయినా సిమ్‌లు విడిపోలేదన్నమాట. ఈ సంగతి ఎన్నికలప్పుడు ఎవరూ చెప్పలేదు.

టీచరమ్మ_దేవరకొండ · మధ్యాహ్నం 1:15

కృష్ణమ్మ ఒడ్డు గారూ, డూప్లికేట్ సిమ్ తీసుకున్న వెంటనే పోర్ట్ పెట్టకండి, రాదు. ఏడు రోజులు ఆగాలి.

నాకు జరిగింది చెబుతాను. వేసవిలో సాగర్ వెళ్లినప్పుడు మెట్ల మీద ఫొటో తీయబోతే ఫోన్ చేతిలోంచి జారి నీళ్లలో పడింది. మా చిన్నోడు "అమ్మా, అయిపాయె" అన్నాడు, అంతే. కొత్త ఫోన్, డూప్లికేట్ సిమ్ తీసుకున్నాను. ఎలాగూ ఇంత తిప్పలు పడ్డాం కదా, పన్లో పనిగా కంపెనీ కూడా మారుదామని రెండో రోజే పోర్ట్ మెసేజ్ పెట్టాను. కోడ్ రాలేదు. రెండుసార్లు, మూడుసార్లు పెట్టాను. కస్టమర్ కేర్‌లో అడిగితే ఒకరు సర్వర్ అన్నారు, ఒకరు ప్లాన్ అన్నారు. చివరికి ఒక అమ్మాయి సరిగ్గా చెప్పింది, 2024 జూలై 1 నుంచి సిమ్ మార్చిన ఏడు రోజుల దాకా పోర్ట్ కోడ్ ఇవ్వకూడదనే నిబంధన ఉందని.

కోపం వచ్చింది గానీ కారణం విన్నాక సరేలే అనిపించింది. మోసగాళ్లు మన పేరుతో దొంగ డూప్లికేట్ సిమ్ తీసుకుని, వెంటనే వేరే కంపెనీకి మార్చేస్తే, మనం తేరుకునేలోపు ఓటీపీలన్నీ వాళ్లకు పోతాయి. ఆ ఏడు రోజుల్లో అసలు మనిషి గమనించుకునే వీలుంటుంది. డూప్లికేట్ సిమ్ వేశాక మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రాకపోవడం కూడా అందుకే.

ఎడమ_కాలువ · మధ్యాహ్నం 2:40

పోస్ట్‌పెయిడ్ వాళ్లకు ఒక మాట. మాది మిర్యాలగూడ, రైస్ మిల్లులో లెక్కలు రాస్తా. బిల్లు మొత్తం కట్టి, కోడ్ తీసుకుని, దర్జాగా మారిపోయా. రెండు నెలల తర్వాత ఉన్నట్టుండి కొత్త సిమ్‌లో ఔట్‌గోయింగ్ ఆగిపోయింది. సీజన్ మధ్యలో, లారీల వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. కనుక్కుంటే, కోడ్ తీసుకున్న రోజు నుంచి పోర్ట్ అయ్యే దాకా మధ్య రోజుల బిల్లు 118 రూపాయలు పాత కంపెనీలో బాకీ అట. వాళ్లు ఇమెయిల్‌కు పంపారట. ఆ ఇమెయిల్ నేను కాలేజీలో పెట్టుకున్నది, ఎప్పుడు తెరిచానో గుర్తులేదు. పాత కంపెనీ చెబితే కొత్త కంపెనీ లైన్ ఆపేయవచ్చట, రూల్ అలాగే ఉంది.

118 రూపాయలకు రెండు రోజులు. మారాక వచ్చే ఆఖరి బిల్లును కనిపెట్టుకుని కట్టండి.

మన్ననూర్_గేటు · మధ్యాహ్నం 2:58

ఏ కంపెనీ అన్నా అది? పేరు చెప్పు, మేం జాగ్రత్త పడతాం.

నిర్వాహకుడు · మధ్యాహ్నం 3:30

సొంత చేదు అనుభవం చెప్పేటప్పుడు కంపెనీ పేరు, స్టోర్ పేరు రాయొద్దు. ఇది మన పాత నియమం. "ఏ కంపెనీ గొప్ప" అని మధ్యలో మొదలైన నాలుగు పోస్టులు తీసేశాను. ఇద్దరు సభ్యులు ఒకరి టవర్‌ను ఒకరు కూల్చేదాకా వచ్చారు.

ఎడమ_కాలువ · మధ్యాహ్నం 3:41

సరే సార్. ఒకటి మాత్రం చెప్పనివ్వండి. కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు పెడితే నంబర్ ఇస్తారు, అది రాసిపెట్టుకోండి. తేలకపోతే అదే కంపెనీలో అప్పీలేట్ అథారిటీ ఉంటుంది, 30 రోజుల్లోపు అప్పీల్ చేయాలి, వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. ఫోన్ కంపెనీల మీద అక్కడ కేసు వేయొచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు కూడా చెప్పింది. నేను పోలేదు, 118కి ఎవరు పోతారు. కానీ పోవచ్చు.

కృష్ణమ్మ_ఒడ్డు · సాయంత్రం 6:20

అసలు ఇంతమంది ఎందుకు మారుతున్నరు? 2024 జూలైలో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా మూడూ రేట్లు పెంచినప్పుడు మా వాడకట్టులో సగం మంది బీఎస్‌ఎన్‌ఎల్‌కు పోయిన్రు. తర్వాత కొందరు మళ్లీ వెనక్కి వచ్చిన్రు.

గడియారం_సెంటర్ · రాత్రి 8:50

ఆ జూలైలో నా దుకాణం ముందు లైను. ఇప్పుడు బీఎస్‌ఎన్‌ఎల్ కూడా మన దేశంలో తయారైన 4జీని 2025 సెప్టెంబర్ 27న దేశమంతటా మొదలుపెట్టింది, కాబట్టి లెక్కలు మళ్లీ మారుతాయి. రేటు చూసి కాదు, మీ ఇంట్లో గీతలు చూసి మారండి. ట్రాయ్ చెప్పాక కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజీ మ్యాపులు కూడా పెట్టాయి. ఊరి పేరు కొట్టి చూడొచ్చు. కానీ మన్ననూర్ అన్న చెప్పిన అరువు ఫోన్ పరీక్షను మించింది లేదు.

యూపీఐ వాడేవాళ్లకు ఒక మాట. మారాక కొత్త సిమ్ వేస్తే యాప్ మళ్లీ వెరిఫై అడుగుతుంది, ఆ సిమ్ నుంచే ఒక ఎస్ఎంఎస్ పోవాలి. కొత్త సిమ్‌కు ఎస్ఎంఎస్ ఉన్న ప్లాన్ వేయించుకోండి. డబ్బు ఎక్కడికీ పోదు, అది బ్యాంకులో ఉంటుంది. పాత సిమ్‌లో మిగిలిన రీచార్జ్ మాత్రం పోతుంది. నిన్ననే ఏడాది ప్లాన్ వేయించి ఇవాళ పోర్ట్‌కు వచ్చినాయనను నేనే వెనక్కి పంపించిన.

బత్తాయి_తోట · నవంబర్ 6, రాత్రి 10:05

అప్‌డేట్. నిన్న కార్తీక పౌర్ణమికి ఊరెళ్లా. టీచరమ్మ గారు చెప్పినట్టే బీరువాలో చూస్తే, పాత ఎల్‌ఐసీ కవర్‌లో నాయిన డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ రెండూ ఉన్నాయి. జిరాక్సులు కూడా తీసి పెట్టింది అమ్మ. నేను మీసేవకు పోయి డబ్బులు తగలేసేవాణ్ని.

పక్కింటి పిల్లవాడి ఫోన్ తెచ్చి వంటింట్లో పెట్టి చూశా. మూడు గీతలు. పడకగదిలో రెండు. అమ్మ నమ్మలేదు, ఆ ఫోన్‌తోనే మా చిన్నమ్మకు చేయించి, స్టవ్ దగ్గర నిలబడి మాట్లాడింది. ఆ తర్వాత "సరే, మార్చు, నంబర్ మాత్రం అదే ఉండాలె" అంది.

సాయంత్రం పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో దీపాలు పెట్టించి, రాత్రి నల్గొండలో చుట్టాలింట్లో పడుకుని, ఇవాళ పొద్దున స్టోర్‌కు పోయాం. చెల్లి సంతకం నిన్ననే తీసుకున్నా. స్టోర్‌లో అబ్బాయి నాయిన వివరాలు తెరిచినప్పుడు కంప్యూటర్‌లో ఆయన ఫొటో వచ్చింది. ఎప్పుడో సిమ్‌కు వేలిముద్ర వేసినప్పుడు తీసిందట. గళ్ల చొక్కా, షేవింగ్ చేసుకోలేదు. ఆ ఫొటో మా దగ్గర లేదు. అమ్మ "ఇది నాకు కావాలె బిడ్డా" అని ఆ అబ్బాయిని అడిగింది. ఇవ్వడానికి లేదన్నాడు. కానీ స్క్రీన్ కొంచెం అమ్మ వైపు తిప్పి, ప్రింటర్‌లో పేపర్ లేదని లోపలికి పోయి చాలాసేపటికి వచ్చాడు.

పేరు మార్పు అర్జీ ఇచ్చాం. మెసేజ్ వస్తుందన్నారు.

టీచరమ్మ_దేవరకొండ · రాత్రి 10:31

ఆ అబ్బాయి చల్లగా ఉండాలి.

జడ్చర్ల_జంక్షన్ · రాత్రి 10:40

ఈసారి జోకు లేదు తమ్ముడూ.

బత్తాయి_తోట · నవంబర్ 15, రాత్రి 8:20

పేరు మార్పు అయిపోయింది, అమ్మ పేరు మీదికి వచ్చిందని మంగళవారం మెసేజ్. ఇవాళ శనివారం కదా అని ఊరొచ్చి, పోర్ట్ మెసేజ్ పెడదామని కూర్చున్నా. కీప్యాడ్ ఫోన్‌లో ఇంగ్లీషు టైపు చేయడం మర్చిపోయా. పెడితే ఇంకేదో మాట వస్తోంది. కోడ్ రావడం లేదు. ఏం చేయాలి?

గడియారం_సెంటర్ · రాత్రి 8:27

డిక్షనరీ ఆన్‌లో ఉంటుంది, అది తీసెయ్. హ్యాష్ మీట నొక్కుతూ పోతే ఏబీసీ అని పైన కనిపిస్తుంది. తర్వాత 7 ఒకసారి, 6 మూడుసార్లు, 7 మూడుసార్లు, 8 ఒకసారి. అప్పుడు పోర్ట్ అని వస్తుంది. ఆ తర్వాత సున్నా మీట ఒకసారి, అది ఖాళీ. ఖాళీ తర్వాత అమ్మ పది అంకెల నంబర్. ముందు 91 పెట్టకు. 1900కు పంపు.

బత్తాయి_తోట · రాత్రి 8:49

వచ్చింది! కిటికీ దగ్గర నిలబడి పంపితేనే పోయింది, వంటింట్లో పోలేదు. ఎనిమిది అక్షరాల కోడ్, గడువు తేదీతో సహా.

పాత_ఎక్స్ఛేంజ్ · రాత్రి 9:00

సంతోషం. ఆ కోడ్ దుకాణంలో తప్ప ఎవరికీ చెప్పవద్దు. కోడ్ తీసుకున్నాక పాత కంపెనీ నుంచి "ఎందుకు వెళ్తున్నారు, మీకు ప్రత్యేక ఆఫర్" అని ఫోన్లు వస్తాయి, అవి మామూలే. కానీ "మీ కోడ్ చెప్పండి, పోర్ట్ మేమే చేస్తాం" అని ఎవరైనా అడిగితే పెట్టేయండి. దరఖాస్తు ఇచ్చాక మనసు మారితే 24 గంటల్లో క్యాన్సిల్ అని, ఖాళీ వదిలి నంబర్ రాసి అదే 1900కు పంపవచ్చు.

పాత సిమ్‌ను ఫోన్‌లోంచి తీయవద్దు. అది చచ్చేదాకా అదే పనిచేస్తుంది. ఎక్కువగా రాత్రిపూటే మారుస్తారు, మధ్యలో కొన్ని గంటలు రెండూ పనిచేయవు. అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి, భయపడతారు.

బత్తాయి_తోట · నవంబర్ 20, ఉదయం 7:10

అయిపోయింది.

సోమవారం చండూరులో కోడ్ ఇచ్చి, కొత్త సిమ్, 4జీ కీప్యాడ్ ఫోన్ తీసుకున్నాం. పోర్ట్‌కు ఒక్క రూపాయి తీసుకోలేదు, రీచార్జ్ డబ్బులే. నిన్న రాత్రి అమ్మ ఫోన్ ఆగిపోయింది. పక్కింటి పిల్లవాడికి సిమ్ ఎలా వేయాలో ముందే చూపించి పెట్టా. వాడు పొద్దున ఆరింటికి వచ్చి కొత్త ఫోన్‌లో సిమ్ వేసి, నాకు మిస్డ్ కాల్ ఇప్పించాడు. తిరిగి చేస్తే అమ్మ ఎత్తింది. అలవాటు కొద్దీ గట్టిగా అరుస్తోంది. "అమ్మా, మెల్లగా మాట్లాడు, వినపడుతోంది" అంటే "నేను పొయ్యి కాడ ఉన్న" అంటుంది మళ్లీ మళ్లీ.

కిటికీకి కట్టిన కవర్ మాత్రం తీయలేదు. ఎందుకైనా మంచిదట.

అందరికీ పేరు పేరునా దండాలు.

మన్ననూర్_గేటు · ఉదయం 7:35

90 రోజులు అక్కడే ఉండాలి తమ్ముడూ, తేదీ రాసిపెట్టుకో.

కృష్ణమ్మ_ఒడ్డు · ఉదయం 9:05

మా తమ్ముడు పుణె పోయి సిమ్ తెచ్చుకున్నడు. పోను రాను, రెండు రోజుల కూలీ. ఏడు రోజులు దాటినంక కోడ్ తీసి ఇక్కడ ఇచ్చినం, అయిదు రోజులని చెప్పిన్రు. ఆదివారం కూడా లెక్కకు వస్తదా?

గడియారం_సెంటర్ · ఉదయం 9:12

రాదు. పని దినాలే లెక్క.

కొత్త_సభ్యుడు_వనపర్తి · మధ్యాహ్నం 12:48

సార్, నేను పోయిన శుక్రవారం కోడ్ తీసుకున్నా, పని ఉండి దుకాణానికి పోలేకపోయా. ఇవాళ పోదామనుకుంటున్నా, నడుస్తుందా?

గడియారం_సెంటర్ · మధ్యాహ్నం 12:55

నాలుగు రోజులు దాటింది. మళ్లీ మెసేజ్ పెట్టండి, కొత్త కోడ్ వస్తుంది. ఇంట్లో కూర్చుని కాదు, దుకాణం ముందు నిలబడి పెట్టండి.